ఐదో చుట్టులో పిలిచినాయన

ఆయన మనిషిని చూపించాలంటే వేలు చూపించేవాడు కాదు. అరచెయ్యి వెల్లకిలా పెట్టి, తాంబూలం అందిస్తున్నట్టు కొంచెం వంగి, "మీరండీ, గళ్ళచొక్కా అన్నయ్యగారూ" అనేవాడు. ఆయన పోయాడని చెప్పిన మధ్యాహ్నం నా కళ్ళ ముందుకి మొదట ఆ అరచెయ్యే వచ్చింది. మొహం తరవాత వచ్చింది. అది కూడా పూర్తిగా రాలేదు. పీచు దుమ్ములోంచి, కొబ్బరాకుల ఎండలోంచి, నీళ్ళలో కనబడే నీడలాగా కదులుతూ వచ్చింది.

ఇది రాస్తున్నవాళ్ళతో ఆయన పేరు రాయొద్దన్నాను. బతికున్నన్నాళ్ళూ ఆయన పేరుతో ఎవరికీ పనిపడలేదు. అంబాజీపేటలో మా కొబ్బరి కొట్టులో కాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన ఇనప మొన మీద కాయని గుచ్చి మూడు తిప్పులు తిప్పితే పీచు డొక్క ఊడి పక్కన పడేది. నాలుగో తిప్పు తిప్పగా నేను చూడలేదు. ఒలిచిన ప్రతి కాయనీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల నీళ్ళు పలికితే ఒక రాశిలోకి విసిరేవాడు. పలక్కపోతే "ఆయ్, తమరు ఇటండి" అని ఇంకో రాశిలో పెట్టేవాడు.

"కాయక్కూడా తమరేనా అండీ?" అని మా ఆడకూలీలు ఏడిపించేవాళ్ళు.

"ఏ ఊరెళ్ళి ఏ దేవుడి ముందు పగలాలో దానికి. మనకేం తెలుసండీ" అనేవాడు, తల ఎత్తకుండానే.

మా ఆడవాళ్ళ పని చిప్పలు ఎండబెట్టడం. నీళ్ళు తీసిన కాయల్ని రెండు చెక్కలుగా కొట్టి, కొట్టు ముందు ఆవరణంతా పరిచి, ఎండ జరిగినకొద్దీ మేమూ జరుగుతూ తిరగేసేవాళ్ళం. ఎండిన కొబ్బరి మీద ఒక్క చినుకు పడిందంటే బూజు పట్టేస్తుంది. అందుకని మబ్బొస్తే చాలు షావుకారుగారు గుమ్మంలోకొచ్చి గొంతు చించుకునేవారు.

"ఎవరైనా టార్పాలిన్ కప్పండర్రా! ఎవరైనా రండర్రా!"

ఆవరణలో ఇరవైమందిమి ఉండేవాళ్ళం. అందరం తలెత్తి మబ్బు వైపు చూసేవాళ్ళం. తరవాత ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం. బద్ధకం కాదు. తూర్పు పక్కనున్నవాళ్ళు పడమట వాళ్ళు లేస్తారనుకునేవాళ్ళు. పడమట వాళ్ళు లారీ దగ్గరున్న మగవాళ్ళు వస్తారనుకునేవాళ్ళు. ఈలోగా చినుకు పడనే పడేది.

అప్పుడాయన కాయని మొన మీదే వదిలేసి లేచేవాడు. "నీలంచీర అప్పగారూ, మీరు ఈ కొసండి. బాబాయిగారూ, తువ్వాలు బాబాయిగారూ, మీరు ఆ కొస. పిన్నిగారూ, తమరు రాళ్ళు తెండి." అంతే. పిలిచినవాళ్ళు పరిగెత్తేవాళ్ళు, పిలవనివాళ్ళు కూడా వాళ్ళ వెనకాల పరిగెత్తేవాళ్ళు. గుక్క తిప్పుకునేలోగా కొబ్బరంతా టార్పాలిన్ కిందకి వెళ్ళిపోయేది.

ఒకసారి షావుకారుగారికి రోషమొచ్చింది. "కూలిచ్చి అరుస్తున్నది నేను. నేనరిస్తే దిష్టిబొమ్మల్లా నిలబడతారు. ఈయన గారూ గారూ అంటే ఉరుకుతారు. ఏంటయ్యా నీ మంత్రం?"

"మంత్రమేం లేదండి. తమరు 'ఎవరైనా' అని పిలుస్తున్నారండి. ఆ ఎవరైనాగారు ఇవాళ పనిలోకి రాలేదండి."

షావుకారుగారు నవ్వలేక నవ్వలేక నవ్వారు. మరుసటిరోజు కూడా ఆయన 'ఎవరైనా' అనే అరిచారు. పెద్దవాళ్ళకి కొన్ని అలవాట్లు పోవు.

మా వాళ్ళు ఆయన కంటపడకుండా తిరిగేవాళ్ళు. "అటెళ్ళకే, చీర రంగు చూసేడంటే పని తగిలిస్తాడు" అని కొంగు తలమీదికి లాక్కునేవాళ్ళు. ఒకావిడ పోటీకి పోయి ఆరు రంగుల చారల చీర కట్టుకొచ్చింది, ఏమని పిలుస్తాడో చూద్దామని. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఇంద్రధనుస్సు వదినగారూ, ఆ చాటందుకోండి" అన్నాడు. పాపం ఆవిడకి ఆ పేరు ఉండిపోయింది.

కాలవ వంతెన మీద జరిగిందీ చెప్పాలి. ఐసు పెట్టె కట్టుకుని మోటారు సైకిలు మీద వెళ్ళే మనిషి జారి పడ్డాడు. ఐసంతా రోడ్డు మీద ముక్కలై, ఎండకి పొగలు కక్కుతోంది. మధ్యలో కాలు వంకరపోయి ఆ మనిషి. చుట్టూ గుండ్రంగా జనం. అందరి చేతుల్లోనూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. మేం కొట్టులోంచి వెళ్ళేసరికే ఆయన జనంలోకి దూరిపోయాడు.

"ఎర్రఫోను తమ్ముడుగారూ, బొమ్మ బాగా వచ్చిందండి, చాలు. ఇప్పుడు అదే ఫోన్లో నూట ఎనిమిదికి కొట్టండి. పంచె మావయ్యగారూ, మీరు వచ్చే బళ్ళని వంతెన కిందే ఆపండి. అక్కగారూ, మీ గొడుగిలా."

ఎర్రఫోను కుర్రాడి మొహం కందిపోయింది. కానీ కొట్టాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆయన ఆ దెబ్బ తగిలిన మనిషి పక్కనే గొంతుక్కూర్చుని, నీకు భయం లేదు తమ్ముడూ, నీకు భయం లేదు అని చెబుతూనే ఉన్నాడు కూడా. ఎవరినన్నా ఒక్కసారి వరస పెట్టి పిలిస్తే ఆ మనిషి ఇక జనంలో కలవలేడు. మా వైపు ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా అన్నయ్యగారూ, వదినగారూ అంటాం. నోటి అలవాటుగా అనేస్తాం. ఆయన ఆ మాటని తాడులా వాడేవాడు. దాంతో మనిషిని పట్టి జనంలోంచి ఇవతలికి లాగేవాడు.

నన్నూ అలాగే లాగాడు. నేను ఆయన్ని మొదటిసారి చూసింది కొట్టులో కాదు.

మా ఇంటాయనకి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు అమలాపురం తీసుకెళ్ళి రక్తం కడిగించేవాళ్ళం. మనిషి గడ్డిపరకైపోయాడు. ఎవరో చెబితే వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. ఆ మొక్కు మీకు తెలిసిందే. వరసగా ఏడు శనివారాలు వెళ్ళాలి, వెళ్ళినప్పుడల్లా గుడి చుట్టూ ఏడు చుట్లు తిరగాలి. మధ్యలో ఆగకూడదు, మాట్లాడకూడదు, లెక్క తప్పకూడదని మాకు చెప్పినావిడ నియమం. చదువొచ్చినవాళ్ళు చీటీ మీద గీతలు గీసుకుంటారు. నాకు గీత పెట్టడం మీద కూడా నమ్మకం లేదు. ఏడు పోకచెక్కలు ఎడంచేతిలో పట్టుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి కుడిచేతిలోకి మార్చుకునేదాన్ని.

ఆరు వారాలు సాఫీగా అయ్యాయి. ఏడో శనివారం ఇంకా తెల్లగా తెల్లవారకుండానే వెళ్ళాను. గోదారి మీంచి మంచు లేచి గుడి గోడల దాకా వచ్చేసింది. ముందు మనిషి వీపు తప్ప ఏమీ కనబడదు. గోవిందా అని ఒక పక్క లేస్తే, ఇంకో పక్క మంచులోంచి గోవిందా అని తిరిగొస్తుంది. కాళ్ళు నావి కావు. ఆ మంద నడుస్తుంటే నేనూ నడుస్తున్నాను. వేల కాళ్ళ చప్పుడు ఒకటే చప్పుడై, వరినాట్లప్పుడు చేలోకి పారే నీళ్ళలా, నన్ను మోసుకుపోతోంది. నిద్రా కాదు, మెలకువా కాదు. మా ఆయన లేచి కూర్చుని కాఫీ అడుగుతున్నట్టు అనిపించింది ఒకసారి.

మూడో చుట్టులో పడమటి మలుపు దగ్గర ఒక ముసలావిడ గోడకి చేరగిలబడి ఉంది. అలిసిపోయి కూర్చుందనుకున్నాను. పెదవులు మాత్రం తెల్లగా ఉన్నాయి. చూశాను, దాటాను.

నాలుగో చుట్టులో ఆవిడ పక్కకి ఒరిగిపోయి ఉంది. నోరు తెరుచుకుంది. ఒక కాలు దారిలోకి చాపుకుపోయింది. జనం ఆ కాలు తొక్కకుండా వంగి, పక్కకి జరిగి, మళ్ళీ వరసలో కలిసిపోతున్నారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారండీ. ఒకావిడ ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్ది మరీ వెళ్ళింది. అందరి నోట్లోనూ దేవుడి పేరే, అందరి గుండెలోనూ ఎవరో ఒక జబ్బు మనిషే. నేనూ అంతే. ఆగితే లెక్క పోతుంది, లెక్క పోతే మొక్కు పోతుంది, మొక్కు పోతే మా ఆయన పోతాడు. ఇంతమంది ఉన్నారు, వెనక వచ్చేవాళ్ళు చూసుకుంటారనుకున్నాను. మెడ తిప్పి చూస్తూనే మలుపు తిరిగిపోయాను.

ఐదో చుట్టులో అదే చోటికి వచ్చేసరికి వెనకనుంచి పిలుపు వినబడింది. గొంతు సన్నగా ఉంది, కొంచెం వణుకుతోంది కూడా.

"పసుపుచీర వదినగారూ! మీరండీ. ఇలా వచ్చి ఈ మామ్మగారి తల పట్టుకోండి."

చుట్టూ ఇంకా పసుపుచీరలేమైనా ఉన్నాయేమోనని చూశాను. లేవు. సన్నటి మనిషి, గడ్డం మాసి ఉంది, అరచెయ్యి వెల్లకిలా పెట్టి నా వంకే చూస్తున్నాడు.

మాట్లాడకూడదన్న నియమం మరిచిపోయి, "నా లెక్క పోతుందండీ" అన్నాను.

"నాదీ పోయిందండి" అన్నాడు.

కూలబడ్డాను. ఆవిడ తల ఒళ్ళోకి తీసుకోవడానికి రెండు చేతులూ చాపితే పోకచెక్కలు జారి, జనం కాళ్ళ మధ్యకి దొర్లిపోయాయి. ఏ చేతిలోవి ఏవో ఇక ఎవరికి తెలుసు. ఆయన వరసగా ఒక్కొక్కళ్ళనే పిలిచాడు. ఒకళ్ళు నీళ్ళు తెచ్చారు, ఒకళ్ళు పంచదార తెచ్చారు, ఇద్దరు చీర చాటు పట్టారు. కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచింది. తెరిచి నన్ను చూసి అడిగిన మొదటి మాట ఏంటో తెలుసాండీ?

"అమ్మా, నావి నాలుగయ్యేయా, అయిదయ్యేయా?"

ఆయన తడుముకోలేదు. "తమరివి ఏడూ అయిపోయేయండి మామ్మగారూ. ఇక చాల్లే అని ఆ వెంకన్నే కూర్చోబెట్టేసేడు" అన్నాడు. ఆవిడ చేతులెత్తి గోపురానికి దణ్ణం పెట్టింది.

నేను మళ్ళీ మొదటినుంచి తిరుగుదామని లేచాను. అప్పటికే అమలాపురం వెళ్ళే వేళైపోతోంది. వచ్చేశాను. మళ్ళీ వారం మా ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచేశారు, వెళ్ళడం పడలేదు. ఆ పై నెలలో ఆయన పోయాడు.

దినవారాలయ్యాక నాకు ఒకటే పట్టుకుంది. ఆ సన్నటాయన పిలవకపోతే నా ఏడూ పూర్తయ్యేవి. పూర్తయితే మా ఆయన ఉండేవాడు. అన్నం ముద్ద ఎత్తితే అదే, నడుం వాలిస్తే అదే. ఒకరోజు కొబ్బరి పిండి కోసం అంబాజీపేట వెళితే, కొట్టు ముందు కాయలు ఒలుస్తూ ఆయనే కనబడ్డాడు. నా నోరు మంచిది కాదు. ముందునుంచీ అంతే.

"ఏమయ్యా! నువ్వేనా? నన్ను గుర్తుపట్టేవా?"

ఆయన లేచి నిలబడ్డాడు. నా మెడ వంక, నుదుటి వంక చూశాడు. సంగతి అర్థమైంది. సగం ఒలిచిన కాయ మొన మీదే ఉండిపోయింది.

"అంతమందిలో నీకు నేనే దొరికేనా? పట్టుచీరల వాళ్ళు లేరా? జంటలుగా వచ్చినవాళ్ళు లేరా? తాళి నిలబడాలని తిరుగుతున్నదాన్ని నన్నే పిలవాలా నువ్వు? చెప్పు! నన్నెందుకు పిలిచేవు?"

ఆవరణంతా పని ఆపేసింది. ఆయన చిన్నగా అన్నాడు.

"మీరు రెండుసార్లు చూసేరండి."

"ఏంటి?"

"ఆ మామ్మగారిని. మూడో చుట్టులో చూసేరు, నాలుగో చుట్టులోనూ చూసేరు. మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూసేరు. చూడనివాళ్ళని పిలిస్తే రారండి. చూసినవాళ్ళకి రావాలనే ఉంటుంది. ఒక పిలుపు తక్కువంతే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి ఒక కాయ కొట్టి, నీళ్ళు గ్లాసులో పోసి తెచ్చాడు. "దేవుడడిగితే నా పేరు చెప్పండి వదినగారూ. ఫలానావాడు ఆపేడని చెప్పండి. నేను ఒప్పుకుంటాను" అన్నాడు.

ఆ నీళ్ళతో నా కోపం చల్లారిందని చెప్పను. కానీ ఇల్లు గడవాలి. ఆ వారమే షావుకారుగారి దగ్గర చిప్పల పనికి కుదిరాను. నాలుగేళ్ళు ఆయనకి పది బారల దూరంలో కూర్చున్నాను. మొదటి ఏడాది మాట్లాడలేదు. నన్ను పని మీద ఒక్కసారి కూడా పిలవలేదు ఆయన. పిలవకపోయినా కాళ్ళు వాటంతటవే లేచేవి. తరవాత్తరవాత టీ దగ్గర నాలుగు మాటలు కలిశాయి. మనసులో ఆ ముల్లు మాత్రం ఉండనే ఉంది. నన్ను ఆపినవాడు ఆగాల్సినప్పుడు ఆగినవాడు. నేను రెండుసార్లు దాటిపోయినదాన్ని. ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా నేను ఒక మెట్టు కిందనే ఉన్నట్టుండేది.

ఈమధ్య ఒకరోజు మధ్యాహ్నం గంజి తాగి మంచం మీద వాలినవాడు మళ్ళీ లేవలేదంట. నాలుగు రోజులాగి వాళ్ళ ఊరు వెళ్ళాను. గోదారి గట్టు కింద రెండు గదుల ఇల్లు. ఆయన భార్య అరుగు మీద చాప వేసుకుని కూర్చుని ఉంది. కళ్ళు నా వైపు తిరిగాయి గానీ నా మీద ఆగలేదు. ఆవిడకి చూపు లేదని నాకు అప్పుడే తెలిసింది. నాలుగేళ్ళలో ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

"కొట్టునుంచి వచ్చేనండి, వదినగారూ" అన్నాను.

"రండి. పొద్దుటినుంచీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారండి. మీ ఆయన ఎంత ధైర్యస్తుడో, పడిపోయినవాళ్ళని చూస్తే ఆగకుండా పోయేవాడు కాదు అంటున్నారు. నాకు లోపల నవ్వొస్తోంది. నాకు చూపున్న రోజుల్లో పెరట్లో పాము కనబడితే నన్ను పిలిచేవాడండి ఆయన!"

నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఒట్టి సిగ్గరి. పెళ్ళిలో భోజనాలకి కూర్చుంటే ఉప్పు కావాలని అడగలేక చప్పిడి తిని లేచొచ్చేవాడు. వాడపల్లి వెళ్ళొచ్చినప్పటినుంచే ఆ పిలవడం వచ్చింది. నా కళ్ళ కోసం మొక్కుకున్నాడండి. నీటికాసుల జబ్బు, చూపు ఇక పోవడమే తప్ప రావడం ఉండదని డాక్టరుగారు ముందే చెప్పేరు. అయినా వినలేదు, తిరిగేడు. ఆఖరి శనివారం ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడిచేడు."

"లెక్క పోయిందనా అండి?"

"లెక్క కోసమైతే నేను ఓదార్చేదాన్ని. నా చూపు పోవాల్సినప్పుడు పోయింది. దానికీ దీనికీ ఏం సంబంధమండి? దేవుడికి మన లెక్కలా? అందుకు కాదు. ఎవరో మామ్మగారు పడిపోతే రెండు చుట్లు దాటిపోయేడంట. ముందు ఒకావిడ నడుస్తోందంట. ఆవిడ తిరిగి తిరిగి చూస్తోందంట. ఆవిడ ఆగుతుంది, ఆవిడ ఆగితే నేనూ ఆగుదామనుకున్నానే, అన్నాడు. ఆవిడ ఆగలేదు. ఒక్కడినే ఆగడానికి సిగ్గేసింది, భయమేసింది, మూడోసారి ఎలాగో నోరు పెగుల్చుకుని ఆవిడ్నే పిలిచేను, తోడుంటుందని అన్నాడు. ఆ రెండు చుట్లలోనే ఆ మామ్మగారు పోయుంటే నా గతేంటే, అని రాత్రంతా అదే."

కొబ్బరాకుల మీద గాలి ఆగినట్టయింది. గోదారి చప్పుడొక్కటే వినబడుతోంది. రెండుసార్లు చూసేరండి, అన్నాడు నాతో. నేను రెండుసార్లూ చూడడం ఆయనకి ఎలా తెలుస్తుందో నాలుగేళ్ళలో ఒక్కరోజు ఆలోచించలేదు నేను. వెనక వచ్చేవాళ్ళు చూసుకుంటారనుకుని వెళ్ళిపోయాను. ఆ వెనక వచ్చేవాడు ఆయనే. ముందున్నావిడ ఆగుతుందని ఆయన కళ్ళన్నీ నా వీపు మీదే పెట్టుకుని నడిచాడు.

"ఆవిడెవరో చెప్పేరా అండి?" అని అడిగాను.

"ఆయ్, చాలాసార్లు అడిగేనండి. మళ్ళీ కనబడిందని తెలుసు, నాలుగేళ్ళ కిందట ఒకసారి నోరు జారేడు. పేరడిగితే మాత్రం, దాటింది నేను, ఆవిడ సంగతి మనకెందుకే అనేవాడు."

చెప్పకుండా లేచి వచ్చేయొచ్చు. ఆవిడకి కనబడదు. ఆయన నాలుగేళ్ళు దాచాడు, ఇంకెవరికీ తెలియదు. నేను లేచి, మెట్టు దాకా వెళ్ళాను కూడా. వెళ్ళి ఆగాను.

"ఆ ముందున్నావిడ నేనేనండి" అన్నాను.

ఆవిడ చాప మీద కొంచెం పక్కకి జరిగింది. నేను వెనక్కొచ్చి ఆ చోట్లో కూర్చున్నాను.